అన్నం లెక్క చెప్పిన యాక్రాయిడ్

అన్నం తగ్గించాలనుకునే వారికి ముందుగా కావలసింది ఒక లెక్క. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు. జొన్నలు, రాగుల్లో దాదాపు 67-68 గ్రాములు ఉంటుంది. బియ్యం మానేసి అదే బరువులో రాగులు తింటే తగ్గేది కొంచెమేనని ఈ అంకెలే చెబుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల్లో ఇవి దొరుకుతాయి.

ఈ తరహా పట్టికలకు మన దేశంలో బాట వేసిన పుస్తకం 1937లో వచ్చింది. దాన్ని తెచ్చిన వాలెస్ యాక్రాయిడ్ మనసులో ఉన్నది బరువు తగ్గాలనుకునేవారు కాదు, కడుపు నిండినా జబ్బు పడుతున్నవారు.

1899లో పుట్టిన యాక్రాయిడ్ ఐర్లండ్‌లో వైద్యం చదివారు. 1920ల్లో, నేటి కెనడాలో భాగమైన న్యూఫౌండ్‌లాండ్‌లో పనిచేశారు. శీతాకాలమంతా ప్రధానంగా తెల్ల పిండి రొట్టెతో గడిపే అక్కడి మత్స్యకార కుటుంబాల్లో బెరిబెరి కనిపించింది. తర్వాత జెనీవాలో నానాజాతి సమితి ఆరోగ్య విభాగంలో చేరారు. 1935లో నీలగిరుల్లోని కూనూరు పోషకాహార పరిశోధనశాలకు డైరెక్టర్‌గా వచ్చారు.

ఇక్కడా బెరిబెరే ఎదురైంది, ఈసారి తెలుగు జిల్లాల్లో. ఉత్తర సర్కారుల్లో మరపట్టిన పచ్చి బియ్యం తినేవారు. తవుడుతో పాటు బి1 విటమిన్ పోయేది. మిగిలిన దాంట్లోనూ కొంత కడుగు నీళ్లలో, గంజిలో కలిసిపోయేది. తినేవారు ఉప్పుడు బియ్యం తిన్నచోట ఈ జబ్బు అరుదు. బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాలనూ యాక్రాయిడ్ బృందం పరిశీలించింది.

అందుకే ఆయన పుస్తకం అంకెలతో ఆగలేదు. అన్నమే ప్రధానమైన భోజనంలో ఏం లోపిస్తోంది, పప్పు, ఆకుకూర, పాలు ఎంత చేర్చాలి అన్నదీ చెప్పింది.

1943 బెంగాల్ కరవుపై వేసిన విచారణ సంఘంలో ఆయన సభ్యుడు. మృతులు సుమారు 15 లక్షలని సంఘం తేల్చింది. ఆ అంచనా తక్కువేనని 1974లో తన పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నారు. రోడ్ల పక్కన పడి చనిపోయినవారు లెక్కలోకి సరిగా రాలేదని గుర్తించారు. అంకెలతో బతికిన మనిషికి అది చిన్న ఒప్పుకోలు కాదు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థలో పోషకాహార విభాగానికి తొలి డైరెక్టర్‌గా పనిచేసిన యాక్రాయిడ్ 1979లో మరణించారు. కూనూరు పరిశోధనశాల 1958లోనే హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇప్పుడు అన్నం తగ్గించేందుకు పట్టిక తెరిచేవారు చాలావరకు పిండిపదార్థం గడి ఒక్కటే చూస్తారు. పక్కన మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాల గడులూ ఉంటాయి. పళ్లెంలో అన్నం తీసేసిన చోట ఏం పెట్టాలో చెప్పేది అవే. యాక్రాయిడ్ తన పాఠకులను చూడమన్నదీ వాటినే.