బెంచీ మీద కూర్చున్న నాన్న: వాల్ట్ డిస్నీ

వేసవి సెలవులు మొదలవగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, ఈసారి ఎక్కడికి వెళ్దాం అని. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు రామోజీ ఫిల్మ్ సిటీకో, వండర్లాకో ఒక రోజు కేటాయిస్తారు. ఇంటిల్లిపాదీ ఒకే గేటులోంచి లోపలికి వెళ్లి, రోజంతా ఆడి, పొద్దు వాలాక అలసిపోయి ఇంటికి చేరడం మనకిప్పుడు మామూలు విషయమైపోయింది. ఇలాంటి పార్కుకు ప్రపంచమంతా అనుసరించే రూపం ఇచ్చిన మనిషి వాల్ట్ డిస్నీ. మిక్కీ మౌస్‌ను సృష్టించిన వ్యక్తిగా ఆయన పేరు మన పిల్లలందరికీ తెలుసు. ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా ఆయన గురించి మనకు తెలిసింది తక్కువ. పార్కు ఆలోచన పుట్టింది మాత్రం ఆ తండ్రి మనసులోనే.

ఆటకు తీరిక లేని బాల్యం

వాల్ట్ 1901 డిసెంబర్ 5న అమెరికాలోని షికాగో నగరంలో పుట్టారు. తండ్రి ఇలియాస్, తల్లి ఫ్లోరా. నలుగురు అన్నదమ్ముల్లో ఆయనే చిన్నవాడు. తర్వాత చెల్లెలు రూత్ పుట్టింది. 1906లో కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊరికి మారి వ్యవసాయం మొదలుపెట్టింది. చెట్లు, పశువులు, ఊరి మీదుగా పోయే రైళ్లు, ఒకే ఒక్క పెద్ద వీధి. వాల్ట్ అక్కడ ఉన్నది కొన్నేళ్లే అయినా, జీవితాంతం ఆ ఊరిని మరిచిపోలేదు.

వ్యవసాయం కలిసిరాలేదు. పొలం అమ్మేసి అందరూ కాన్సాస్ సిటీకి చేరారు. అక్కడ ఇలియాస్ దినపత్రికలు పంచే కాంట్రాక్టు తీసుకున్నారు. వాల్ట్, ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడైన అన్న రాయ్ ఆ పనిలో దిగారు. తెల్లవారకముందే లేవాలి, మంచు పడుతున్నా ఇంటింటికీ తిరిగి పేపర్లు వేయాలి, ఆ తర్వాత బడికి వెళ్లాలి. సాయంత్రం మళ్లీ అదే పని. తిండి, బట్ట పెడుతున్నాం కదా అన్న లెక్కతో తండ్రి కొడుకులకు కూలి ఇచ్చేవారు కాదు. దాదాపు ఆరేళ్లు ఇలాగే గడిచింది. క్లాసులో వాల్ట్ కునికిపాట్లు పడేవాడు.

ఆ రోజుల గురించి ఆయన పెద్దయ్యాక చెప్పిన ఒక సంగతి మనసును పట్టేస్తుంది. కొన్ని ఇళ్ల వరండాల్లో ఆ ఇంటి పిల్లలు రాత్రి ఆడుకుని వదిలేసిన బొమ్మలు ఉండేవి. చీకట్లో పేపరు వేయడానికి వెళ్లిన వాల్ట్, ఎవరూ లేవకముందే కాసేపు అక్కడే కూర్చుని ఆ బొమ్మలతో ఆడుకునేవాడు. తర్వాత తరువాతి ఇంటికి వెళ్లిపోయేవాడు. ఆ పిల్లవాడికి దొరికిన ఆట సమయం అంతే.

గెలుపు వెనక నష్టాలు

పదహారేళ్ల వయసులో పుట్టిన సంవత్సరం మార్చి రాసి, వాల్ట్ రెడ్ క్రాస్‌లో అంబులెన్స్ డ్రైవరుగా చేరారు. ఫ్రాన్స్ చేరేసరికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. తిరిగొచ్చాక కాన్సాస్ సిటీలో కార్టూన్ సినిమాలు తీసే కంపెనీ పెట్టారు. 1923లో అది దివాలా తీసింది. అదే ఏడాది హాలీవుడ్ చేరి అన్న రాయ్‌తో కలిసి స్టూడియో మొదలుపెట్టారు. బొమ్మలు, కథలు తమ్ముడివి. డబ్బు లెక్కలు అన్నవి. 1925లో స్టూడియోలోనే పనిచేసే లిలియన్‌ను పెళ్లి చేసుకున్నారు.

1928లో ఇంకో దెబ్బ తగిలింది. బాగా ఆడుతున్న ఓస్వాల్డ్ అనే కుందేలు పాత్ర మీద హక్కులు తనవి కావని తేలింది. తన దగ్గర పనిచేసేవారిలో చాలామంది కూడా అవతలి పక్షానికి వెళ్లిపోయారు. ఆ నష్టం నుంచే మిక్కీ మౌస్ పుట్టింది. అదే ఏడాది నవంబర్‌లో విడుదలైన చిన్న సినిమాతో మిక్కీ దేశమంతా తెలిసిపోయింది. 1937లో వచ్చిన పూర్తి నిడివి కార్టూన్ సినిమా స్నో వైట్ ఆయనను ప్రపంచ ప్రఖ్యాతుణ్ని చేసింది.

ఆ సినిమా డబ్బుతో అన్నదమ్ములిద్దరూ తల్లిదండ్రులకు లాస్ ఏంజిల్స్ దగ్గర ఇల్లు కొనిచ్చారు. 1938 నవంబర్‌లో ఆ ఇంట్లో గది వేడి చేసే యంత్రం లోపం వల్ల విషవాయువు కమ్మి తల్లి ఫ్లోరా చనిపోయారు. కొడుకులు ప్రేమతో ఇచ్చిన ఇంట్లోనే ఆ తల్లి పోయింది. ఆ విషయం గురించి వాల్ట్ దాదాపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. 1941లో స్టూడియో కళాకారులు సమ్మె చేశారు. దాన్ని ఆయన సొంత మనుషులు చేసిన ద్రోహంగా తీసుకున్నారు. ఇరువైపులా ఆ చేదు చాలాకాలం మిగిలింది. పని పిచ్చి, సిగరెట్లు, తొందరగా వచ్చే కోపం, ఇవన్నీ కూడా ఆయనలో ఉన్నాయి.

నాన్న రోజు

పెద్ద కూతురు డయాన్ 1933లో పుట్టింది. రెండో అమ్మాయి షారన్ 1937 ఆరంభంలో ఇంటికొచ్చింది. ఎంత పని ఉన్నా పిల్లలను బడి దగ్గర దింపడం ఆయనే చూసుకునేవారు. పత్రికల్లో వాళ్ల ఫొటోలు పడకుండా జాగ్రత్తపడేవారు. వారాంతంలో ఒక రోజు మాత్రం పూర్తిగా కూతుళ్లదే. ఆ రోజు ముగ్గురూ కలిసి లాస్ ఏంజిల్స్‌లోని గ్రిఫిత్ పార్కుకు వెళ్లేవారు. అక్కడ మనం జాతరల్లో చూసే రంగులరాట్నం లాంటిది, చెక్క గుర్రాలతో గుండ్రంగా తిరిగేది ఒకటి ఉంది. పిల్లలు గుర్రాలెక్కి తిరుగుతుంటే నాన్న బెంచీ మీద కూర్చుని వేరుశనగలు తింటూ చూసేవారు.

అలా కూర్చుని చూస్తుండగా ఆయనకు ఒక విషయం తట్టింది. ఆ పార్కులో పిల్లలకు ఆట ఉంది, పెద్దలకు ఏమీ లేదు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులంతా తనలాగే పక్కన కూర్చుని, గడియారం చూసుకుంటూ, పిల్లలు దిగేవరకు ఎదురుచూస్తున్నారు. ఆ కాలపు వినోద పార్కులు చాలావరకు మురికిగా ఉండేవి. పనిచేసేవాళ్లకు మర్యాద ఉండేది కాదు. తల్లీ తండ్రీ పిల్లలూ ఒకే బండి ఎక్కి ఒకేసారి నవ్వుకునే చోటు ఒకటి ఉండకూడదా? డిస్నీల్యాండ్ మొదలైంది ఈ ప్రశ్నతోనే. ఆ ఆలోచన బెంచీ మీదే పుట్టిందని తర్వాత ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు.

1950లో ఆయన తన ఇంటి పెరట్లోనే చిన్న రైలు వేశారు. అసలు రైలులో ఎనిమిదో వంతు ఉండే ఆవిరి ఇంజిను, సుమారు అర మైలు పట్టాలు. భార్య పూలమొక్కలు పాడవకుండా వాటి కింద సొరంగం తవ్వించి రైలును పోనిచ్చారు. పిల్లలనూ అతిథులనూ పెట్టెల మీద కూర్చోబెట్టుకుని ఇంజిను ఆయనే నడిపేవారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని టివోలీ గార్డెన్స్ చూసినప్పుడు ఆయన నమ్మకం ఇంకా బలపడింది. అక్కడి శుభ్రత, దీపాలు, తీరిగ్గా తిరుగుతున్న కుటుంబాలు ఆయనకు ఎంతో నచ్చాయి.

బీమా మీద అప్పు

ఈ పథకం విన్నవాళ్లలో ఎక్కువమంది వద్దన్నారు. స్టూడియో డబ్బు ఇందులో పెట్టడానికి అన్న రాయ్ మొదట ఒప్పుకోలేదు. బ్యాంకులు ముందుకు రాలేదు. అప్పుడు వాల్ట్ తన జీవిత బీమా మీద అప్పు తీసుకున్నారు, పామ్ స్ప్రింగ్స్‌లో సెలవులకు కట్టుకున్న ఇల్లు అమ్మేశారు. ఆ డబ్బుతో కొద్దిమందిని పెట్టుకుని నమూనాలు గీయించారు. 1953లో ఒక శని, ఆదివారాల్లో హెర్బ్ రైమన్ అనే చిత్రకారుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, తన మనసులో ఉన్నదంతా వివరిస్తూ పార్కు మొత్తం కనిపించే పెద్ద బొమ్మ వేయించారు. ఆ బొమ్మ పట్టుకుని రాయ్ న్యూయార్క్ వెళ్లారు. ఏబీసీ టెలివిజన్ సంస్థ పెట్టుబడికి ఒప్పుకుంది. బదులుగా వాల్ట్ వాళ్లకు ప్రతివారం ఒక టీవీ కార్యక్రమం చేసి ఇవ్వాలి.

అనహైమ్‌లో 160 ఎకరాల నారింజ తోటలు కొన్నారు. 1954 జులైలో పని మొదలై, ఏడాదిలో పూర్తయింది. ఖర్చు 1 కోటి 70 లక్షల డాలర్లు. లోపలికి ఒకటే దారి. బయటి రోడ్లు, కరెంటు స్తంభాలు కనపడకుండా చుట్టూ మట్టి కట్ట, దాని మీద రైలు. గేటు దాటగానే కనిపించే మెయిన్ స్ట్రీట్‌కు ఆయన చిన్ననాటి మార్సెలీన్ వీధే ప్రేరణ. ఇక్కడి రాట్నంలో మాత్రం గుర్రాలన్నీ పైకీ కిందికీ దూకుతూ తిరగాలని పట్టుబట్టారు. కదలని గుర్రం దొరికి ఏ పిల్లా చిన్నబుచ్చుకోకూడదు.

1955 జులై 17

ప్రారంభం ఆదివారం నాడు, ఆహ్వానితులకు మాత్రమే. నకిలీ టికెట్లతో చాలామంది చొరబడటంతో అనుకున్నదానికి దాదాపు రెట్టింపుగా, సుమారు 28 వేల మంది వచ్చారు. మండే ఎండ. కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. తినుబండారాలు అయిపోయాయి. అంతకుముందు ప్లంబర్లు సమ్మె చేయడంతో, మంచినీళ్ల కుళాయిలా, మరుగుదొడ్లా, ఏదో ఒకటే పూర్తి చేయగల పరిస్థితి వచ్చింది. ఆయన మరుగుదొడ్లకే ఓటు వేశారు. పిల్లలతో ప్రయాణం చేసిన ఏ తల్లీ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టదు. ఇదంతా టీవీలో దేశమంతా ప్రత్యక్షంగా చూసింది. పత్రికలు చీల్చి చెండాడాయి.

వాల్ట్ ఒక్కొక్క లోపం సరిచేయించడం మొదలుపెట్టారు. మెయిన్ స్ట్రీట్‌లో అగ్నిమాపక కేంద్రం పైన చిన్న గది కట్టించుకుని రాత్రులు అక్కడ ఉండేవారు. మామూలు సందర్శకుడిలా వరుసల్లో నిలబడి, జనం ఎక్కడ విసుక్కుంటున్నారో గమనించేవారు. ఏడు వారాల్లోనే సందర్శకుల సంఖ్య పది లక్షలకు చేరింది.

పార్కు తయారయ్యేసరికి

ఈ కథలో మనం ఆగి ఆలోచించాల్సిన చోటు ఒకటుంది. పార్కు తెరిచేనాటికి డయాన్‌కు 21 ఏళ్లు. అప్పటికే ఆమెకు పెళ్లయి ఒక కొడుకు కూడా పుట్టాడు. షారన్‌కు 18. ఏ చిన్నపిల్లలను చూస్తూ ఆ తండ్రి కల కన్నాడో, ఆ పిల్లలు పెద్దవాళ్లైపోయారు. ఆయన గేటు తెరిచింది తాతయ్య హోదాలో. కోట్ల డాలర్ల పార్కు కూతుళ్ల బాల్యాన్ని అందుకోలేకపోయింది. వాళ్ల బాల్యానికి దక్కినవి గ్రిఫిత్ పార్కులో పాత రాట్నం, నాన్న ఇచ్చిన ఆ వారాంతాలు, బడికి వెళ్లే దారిలో కారులో మాటలు, పెరట్లో రైలు.

వాల్ట్ 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 65. ఫ్లోరిడాలో తలపెట్టిన రెండో పార్కు అప్పటికి కాగితాల మీదే ఉంది. విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో రాయ్ ఆ బాధ్యత భుజానికెత్తుకున్నారు. 1971 అక్టోబర్ 1న దాన్ని ప్రారంభించి, తమ్ముడి పేరు అందరికీ గుర్తుండాలని వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పేరు పెట్టించారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన కూడా కన్నుమూశారు. తండ్రి జీవితం లోకానికి సరిగా తెలియాలని డయాన్ పూనుకోగా, 2009లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన పేరిట కుటుంబ మ్యూజియం వెలిసింది. ఎవరి బాల్యానికైతే ఆ పార్కు అందలేదో, ఆ కూతురే తండ్రి జ్ఞాపకాలను భద్రపరిచింది.

మన సెలవు రోజు

ఈ వేసవిలో మీరు పిల్లలతో ఏ పార్కుకైనా వెళ్తే, అక్కడి బెంచీల వైపు ఒకసారి చూడండి. సంచులు కాపలా కాస్తూ, ఫోన్ చూసుకుంటూ కూర్చున్న అమ్మానాన్నలు కనిపిస్తారు. డిస్నీ మార్చాలనుకున్నది సరిగ్గా ఆ దృశ్యాన్నే. సంచులు లాకరులో పెట్టి, ఒక్క రైడైనా పిల్లల పక్కన కూర్చుని ఎక్కండి. మీరు భయపడి అరవడం చూసి వాళ్లు నవ్వే నవ్వు చాలాకాలం గుర్తుంటుంది. నానమ్మా తాతయ్యలు వెంట ఉంటే, వాళ్లు కూడా ఎక్కగలిగే రైలో, పడవో ముందే చూసుకోండి.

ఈ ఏడాది టికెట్లకు డబ్బు కుదరకపోయినా, సెలవు దొరకకపోయినా దిగులు పడక్కర్లేదు. ఊళ్లో మున్సిపల్ పార్కు ఉంటుంది, తిరునాళ్లలో రంగులరాట్నం ఉంటుంది. పెద్ద యాత్ర వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు. మూడో తరగతి చదివే పిల్ల మాత్రం వచ్చే ఏడాది నాలుగో తరగతికి వెళ్లిపోతుంది. ఈ వారంలో ఏ రోజు పూర్తిగా తనదో ఇవాళే తనకు చెప్పండి.