లియో ఫెండరు

సంగీత సభలో గాయకుని, వాద్యకారుని కొనియాడనివారుండరు. కాని వాద్యమును నిర్మించినవానిని తలచువారు మిక్కిలి అరుదు. వీణ మధురముగా పలికినపుడు వైణికుని వ్రేళ్లను మెచ్చుకొందుమే గాని, పనసకొయ్యను తొలిచి మెట్లు పొదిగిన శిల్పిని స్మరింపము. అట్టి శిల్పులలో ఒకడై, గిటారు వాయించుట ఎన్నడును నేర్వకయే గిటారు చరిత్రను మార్చిన ధన్యుడు లియో ఫెండరు.

అతడు 1909వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో జన్మించెను. తల్లిదండ్రులు ఫుల్లర్టను పట్టణ ప్రాంతమున నారింజతోట సాగుచేయు కృషీవలులు. బాల్యముననే అతనికి గొప్ప ఆపద సంభవించెను. ఎనిమిదవ యేట ఎడమ కంటిలో కంతి పుట్టగా వైద్యులు ఆ కన్ను తొలగించి, దాని స్థానమున గాజు కన్ను అమర్చిరి. ఆటపాటల వయసున ఇట్టి కష్టము కలిగినను లియో దిగులుపడి కూర్చుండలేదు. మోటారు కార్ల విద్యుత్ పరికరములు బాగుచేయు బంధువు ఒకడు అతనికి పాత బ్యాటరీని, మరికొన్ని సామానులను పంపెను. పిమ్మట ఆ బంధువు దుకాణములో విడిభాగములతో కూర్చిన రేడియో బిగ్గరగా పాడుచుండగా విని బాలుడు ముగ్ధుడయ్యెను. ఆనాటి నుండి విద్యుత్తును, ధ్వనియును అతని మనస్సును విడువలేదు.

అయినను కళాశాలలో అతడు చదివినది గణకశాస్త్రము. లెక్కల గుమాస్తాగా కొలువులు చేసెను. 1930 ప్రాంతమున అమెరికాను పీడించిన ఆర్థిక మాంద్యము ఎందరి జీవికనో హరించెను. ఫెండరు ఉద్యోగమును పోయెను. అప్పటికతడు గృహస్థుడు. కొలువు పోయెనని విలపింపక, 1938లో ఆరువందల డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టనులో రేడియోలు బాగుచేయు దుకాణము తెరచెను. అచ్చటి వాద్యకారులు తమ గిటారులను, ధ్వనివర్ధక యంత్రములను మరమ్మతునకై తెచ్చుచుండిరి. ఏది విరిగినది, ఏల విరిగినది, మరల విరుగకుండ ఏమి చేయవలెను అని అతడు ప్రతి వస్తువును పరిశీలించుచుండెను. ఆ దుకాణమే అతనికి నిజమైన పాఠశాల.

ఆ కాలపు గిటారు గుల్లపెట్టె వంటిది. విద్యుత్తుతో ధ్వని పెంచినచో, ఆ ధ్వనియే మరల పెట్టెలో ప్రవేశించి కర్ణకఠోరమైన కూతగా మారుచుండెను. ఫెండరు గట్టి కొయ్య పలకతో గిటారు నిర్మించి ఈ చిక్కు విడదీసెను. అట్టి గిటారులు అంతకుముందును కలవు గాని, కర్మాగారమున విరివిగా చేసి సామాన్య వాద్యకారులకు అందించిన ఘనత అతనిదే. 1950లో వెలువడిన ఆ వాద్యమునకు మరుసటి సంవత్సరము టెలీకాస్టరు అను పేరు స్థిరపడెను.

అంతట వాద్యకారులు మరియొక కోరిక కోరిరి. వైణికుడు తీగను ప్రక్కకు లాగి గమకము పలికించునట్లు, తీగలన్నింటిని ఒక్కసారిగా ఊగించి స్వరమును కదలింపగల సాధనము వారికి కావలసియుండెను. అప్పటికే పాల్ బిగ్స్‌బీ మొదలగువారు ఇట్టి పరికరములు చేసియుండిరి. కాని మీట నొక్కి విడిచిన పిమ్మట తీగలు తమ పూర్వపు శ్రుతికి సరిగా రాకుండుటయే వారి బాధ. ఫెండరు తన సహచరులతో కూడి ఒక సాధనమును నిర్మించెను. అందు తీగలు చిన్న దొర్లుడు చక్రములపై కదలును. పరికరము సిద్ధమయ్యెను. దానిని చేయుటకు వలసిన అచ్చులును వేలకొలది డాలర్ల వ్యయముతో తయారయ్యెను. తీరా వాయించి చూడగా నాదము పలుచబడి, పలికిన వెంటనే అణగిపోయెను.

అది కఠిన పరీక్ష. కర్మాగారము చిన్నది, ధనము స్వల్పము, క్రొత్త గిటారునకై వర్తకులు ఎదురుచూచుచుండిరి. ఉన్నదానినే అమ్మిన కొంత లాభమైనను వచ్చును. కాని ఫెండరు అట్లు చేయలేదు. ఆ అచ్చులన్నింటిని త్రోసివేయించి, మొదటినుండి ఆలోచింప నారంభించెను. చక్రములపై దొర్లు తీగ తన కంపనమును కొయ్యకు అందింపజాలకున్నదని గ్రహించెను.

క్రొత్త సాధనము 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టరు గిటారునకు అలంకారమయ్యెను. దాని నిర్మాణము చిత్రమైనది. తీగలను మోయు బ్రిడ్జి ఒక లోహపు పలక. ముందు అంచున ఆరు స్క్రూలు దానిని కొయ్యకు పట్టియుంచును; ఆ అంచుపై అది తలుపువలె కొంచెము ఊగగలదు. పలక క్రింద బరువైన లోహపు దిమ్మ గిటారు గర్భములోనికి దిగియుండును. తీగల మొదళ్లు ఆ దిమ్మలోనే నాటుకొనియుండును. తీగలు పలకను ముందునకు లాగుచుండగా, గిటారు వెనుక గూటిలోని అయిదు స్ప్రింగులు దిమ్మను పట్టి ఎదురు లాగుచుండును. మీట నొక్కినచో పలక ముందునకు వంగి, తీగలు సడలి, స్వరము దిగును. విడిచినచో స్ప్రింగులు దానిని యథాస్థానమునకు చేర్చును. తీగల ఆధారములును, వాని మొదళ్లును కలసి కదలును గనుక రాపిడి తగ్గెను. దిమ్మ బరువువలన నాదము నిలిచెను.

ఈ సాధనమును అమర్చుట త్రాసును సరిచూచుట వంటిది. ఆరు తీగల లాగుడు సుమారు నూరు పౌన్లు. స్ప్రింగులు దానికి సరితూగవలెను. తీగలను శ్రుతి చేసి, పలక వెనుక అంచు ఎంత లేచినదో చూడవలెను. మిక్కిలి లేచినచో, స్ప్రింగులు తగిలియున్న లోహపు పట్టీ స్క్రూలను బిగింపవలెను. లేవనిచో వదులు చేయవలెను. స్క్రూ త్రిప్పగనే శ్రుతి మారును. శ్రుతి సరిచేయగనే పలక మరల కదలును. కావున శ్రుతి చేయుట, త్రిప్పుట, మరల శ్రుతి చేయుట అని పలుమారులు సాగించినగాని సమత కుదురదు. లావు తీగలు వేసిన వేరొక స్ప్రింగు చేర్పవలసియుండును. తొందరపడువానికి ఈ పని లొంగదు.

ఈ సాధనమునకై ఫెండరు 1954 ఆగస్టులో దరఖాస్తు చేయగా 1956 ఏప్రిలులో పేటెంటు లభించెను. దానికతడు ట్రెమలో అని పేరిడెను. నిజమునకు ఆ మాట ధ్వని హెచ్చుతగ్గులకు చెల్లును. స్వరపు ఊగుదలకు వైబ్రాటో అనవలెను. పేరు తప్పయినను లోకమున అదియే నిలిచెను. 1969లో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవమున జిమీ హెండ్రిక్స్ ఇట్టి గిటారుపైననే అమెరికా జాతీయగీతమును వినిపించి శ్రోతలను విస్మితులను గావించెను.

కీర్తి పెరిగెను గాని ఫెండరు ఆరోగ్యము క్షీణించెను. చిరకాలము వేధించిన అంటురోగమువలన ఆయుర్దాయముపై ఆశ వీడి, 1965 జనవరిలో తన సంస్థను కోటి ముప్పది లక్షల డాలర్లకు అమ్మివేసెను. పిమ్మట వేరొక వైద్యుని చికిత్సచే స్వస్థత చేకూరెను. అపార ధనముండియు అతడు విశ్రాంతి కోరలేదు. మ్యూజిక్ మ్యాన్ సంస్థలోను, తరువాత పాత మిత్రుడు జార్జి ఫుల్లర్టనుతో కూడి నెలకొల్పిన జీ అండ్ ఎల్ సంస్థలోను మరల పనిబల్ల ముందు కూర్చుండెను. కంపవాత రోగము బాధించినను పని మానలేదు. 1991 మార్చి 21వ తేదీన తన ఎనుబది రెండవ యేట పరమపదించెను.

ఫెండరు గిటారు శ్రుతి చేయుటయైనను ఎరుగడు. అందువలననే వాయించువారి మాటను శ్రద్ధతో ఆలకించెను. ఎంత వ్యయము చేసినదైనను, సరిగా పలుకనిదానిని సరియైనదని తన మనస్సును మభ్యపెట్టుకొనలేదు. చేసిన పనిలోని లోపమును తానే ఒప్పుకొని, మరల మొదటినుండి ఆరంభింపగల ధైర్యము గొప్ప సంపద. ఆ సంపద కలవానికి ఓటమి విద్య నేర్పు గురువగును.