డేవిడ్ లో: హిట్లర్‌కు కంట్లో నలుసైన కార్టూనిస్ట్.. మంత్రి చెప్పినా ఆగని కుంచె!

చేతిలో తుపాకీ లేదు. ఉన్నదల్లా ఓ కుంచె, కాస్త ఇంకు. అయినా బ్రిటన్‌ను ఆక్రమిస్తే వెంటనే అరెస్టు చేయాలని నాజీలు రాసుకున్న 2,800 మందికి పైగా ఉన్న లిస్టులో ఆయన పేరుంది. ఆయనే కార్టూనిస్ట్ సర్ డేవిడ్ లో.

1891లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టిన డేవిడ్, ఎక్కువగా సొంతంగానే బొమ్మలు నేర్చుకున్నారు. ఆస్ట్రేలియాలో పేరు తెచ్చుకుని 1919లో లండన్ చేరారు. 1927లో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలోకి వెళ్లేటప్పుడు ఒకటే కండిషన్. ఏం గీయాలో తనే నిర్ణయించుకుంటారు. పత్రిక ఓనర్ లార్డ్ బీవర్‌బ్రూక్ రాజకీయాలు వేరు, డేవిడ్ ఆలోచనలు వేరు. అయినా ఓనర్‌నే వెక్కిరించే బొమ్మలు కూడా అందులో అచ్చయ్యాయి.

హిట్లర్, ముస్సోలినీలను డేవిడ్ రాక్షసుల్లా చూపించలేదు. పిచ్చి వేషాలేసే జోకర్లలా గీశారు. అదే వాళ్లకు మండింది. జర్మనీ, ఇటలీల్లో ఆయన కార్టూన్లపై నిషేధం పడింది. 1937లో బ్రిటన్ మంత్రి లార్డ్ హాలిఫాక్స్ జర్మనీ వెళ్తే, ప్రచార మంత్రి గోబెల్స్ ఈ బొమ్మల మీదే ఫిర్యాదు చేశారు. తిరిగొచ్చిన హాలిఫాక్స్, శాంతి కోసం కాస్త తగ్గమని డేవిడ్‌ను కోరారు.

డేవిడ్ తగ్గారు కూడా. ఇద్దరు నియంతలనూ కలిపి మజ్లర్ అనే ఒకే క్యారెక్టర్ చేశారు. కానీ 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు. ఇక ఊరుకుని లాభం లేదని డేవిడ్ మళ్లీ పాత దారికే వచ్చేశారు.

1939 సెప్టెంబర్ 17న సోవియట్ సేనలు పోలండ్‌లోకి దిగాయి. సరిగ్గా మూడు రోజులకు డేవిడ్ బొమ్మ వచ్చింది. నేల మీద ఓ శవం. దానికి అటూ ఇటూ హిట్లర్, స్టాలిన్. టోపీలు తీసి వంగి దండాలు పెట్టుకుంటూనే తిట్టుకుంటున్నారు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ చేతులెత్తేసింది. అప్పుడు ఎగసిపడే అలల ఒడ్డున, ఆకాశంలోని విమానాలకు ఒంటరిగా పిడికిలి చూపించే సైనికుడిని గీశారు. ఆ రోజు బ్రిటన్ పరిస్థితి అంతా ఆ ఒక్క బొమ్మలోనే ఉంది.

మనకూ ఆయనతో ఓ లింకుంది. మైసూరులో ది హిందూ పత్రికలో ఆ కార్టూన్లు చూస్తూ పెరిగారు ఆర్.కె. లక్ష్మణ్. కింద ఉన్న సంతకం సరిగా అర్థంకాక, చిన్నప్పుడు ఆయన పేరు కౌ, అంటే ఆవు అనుకునేవారట!

1962లో సర్ బిరుదు అందుకున్న డేవిడ్, 1963లో కన్నుమూశారు. సాయంత్రం చదివి పక్కన పడేసే పేపర్ కోసం గీసిన బొమ్మలవి. ఇప్పుడు వాటి ఒరిజినల్స్ కెంట్ యూనివర్సిటీ కార్టూన్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. బయట దొరికేవాటిని కలెక్టర్లు వేలంలో కొనుక్కుంటారు. వాళ్లు కొనేది గీతల్నే కాదు, పక్కనున్న తేదీని కూడా. అందరూ సర్దుకుపోదామన్న రోజుల్లోనే ఆయన గీశారనడానికి ఆ తేదీయే సాక్ష్యం.