పసిచేతులకు పని చూపిన తల్లి

కరీంనగరంలో, జగిత్యాలలో, మంచిర్యాలలో ఏ వీథి మలుపు తిరిగినా ఒక పిల్లల బడి, ఆ బడి నొసట మాంటిస్సోరి అనే మాట కనిపిస్తూనే ఉంటుంది. ఆ మాట ఏమిటని మా కళాశాల విద్యార్థులను ఒకసారి అడిగినాను. ఒకరు అది ఒక ఊరి పేరన్నారు. మరొకరు ఏదో కంపెనీ పేరన్నారు. అది ఒక స్త్రీ పేరని, ఆమె ఇటలీలో పుట్టిన వైద్యురాలని, రెండవ ప్రపంచయుద్ధపు సంవత్సరాలను మన దక్షిణదేశంలోనే గడిపినదని చెప్పినప్పుడు వారు నమ్మలేనట్లు చూచినారు. పేరు నిలిచి మనిషి మరుగున పడిపోవడం లోకంలో కొత్త సంగతి కాదు. ఈమె విషయంలో మనిషితో పాటు ఆమె చెప్పిన విషయం కూడా మరుగున పడినది. మూడేండ్లు నిండని బిడ్డను బల్లకు అంటగట్టి గీతల పుస్తకం నింపించే బడికి కూడా ఆమె పేరే పెట్టుకుంటున్నాము.

మేరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ తూర్పు తీరానికి చేరువలో ఉన్న కియరవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించినది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పాత సంప్రదాయాల మనిషి. తల్లి రెనిల్డే విద్యావతి. వారికి ఈమె ఒక్కతే సంతానం. ఆమెకు అయిదేండ్ల ప్రాయంలో కుటుంబం రోము నగరానికి చేరినది. ఆడపిల్ల చదివితే ఉపాధ్యాయిని కావడమే గొప్ప అనుకునే రోజులలో ఈమె మగపిల్లల సాంకేతిక పాఠశాలలో చేరి ఇంజనీరు కావాలనుకున్నది. తరువాత మనసు వైద్యంపైకి మళ్లినది. తండ్రికి ఇష్టం లేకపోయినా తల్లి అండగా నిలిచినది. పురుష విద్యార్థుల సరసన నిలిచి శవాన్ని కోయడం స్త్రీకి తగదని, అందరూ వెళ్లిన తరువాత ఒంటరిగా ఆ గదిలో పని చేయనిచ్చినారు. 1896లో పట్టం పుచ్చుకొని ఇటలీ దేశపు తొలి మహిళా వైద్యులలో ఒకతె అయినది.

విశ్వవిద్యాలయ మానసిక చికిత్సాలయంలో పని చేస్తూ ఆమె నగరంలోని ఉన్మాద వైద్యశాలలకు వెళ్లి వచ్చేది. బుద్ధిమాంద్యం గల పిల్లలను ఆ రోజులలో ఉన్మాదులైన పెద్దలతో పాటే మూసి ఉంచేవారు. ఒకచోట, భోజనం కాగానే ఈ పిల్లలు నేల మీద పడిన రొట్టె తునకల కోసం ఎగబడుతారని కావలి స్త్రీ ఏవగింపుతో చెప్పినదట. మాంటిస్సోరి ఆ గదిని కలయజూచినది. నాలుగు గోడలు తప్ప అందులో ఏమీ లేదు. పట్టుకొనడానికి ఒక పుల్ల లేదు, ఒక రాయి లేదు. ఆ పిల్లలు తిండి కోసం కాదు, వేళ్లతో ఏదో ఒకటి చేయడం కోసం ఆ తునకలను ఏరుతున్నారని ఆమెకు స్ఫురించినది. ఆమె తరువాతి జీవితమంతా ఈ ఒక్క చూపులో నుండి వచ్చినదని నేననుకుంటాను.

ఇటార్, సెగాఁ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల గ్రంథాలను ఆమె వెదకి చదివినది. చదివితే చాలదని, మాట మాటా మనసుకు పట్టేందుకు స్వహస్తంతో ఇటాలియన్ భాషలో వ్రాసుకున్నది. 1900లో రోములో బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం నెలకొల్పిన పాఠశాలకు ఆమె సహాధ్యక్షురాలు. అక్కడి పిల్లలలో కొందరు మామూలు పిల్లల పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులైనారు. లోకం ఆశ్చర్యపడి మెచ్చుకున్నది. ఆమెకు మాత్రం వేరొక సందేహం కలిగినది. ఈ పిల్లలే ఇంత చేయగలిగితే, మామూలు పిల్లలను మన బడులు ఎక్కడ ఆపి ఉంచుతున్నవి?

ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. చాలా ఏండ్లు పుస్తకాలకెక్కని సంగతి ఒకటి ఉన్నది. ఆ పాఠశాలలో ఆమెతో కలిసి పని చేసిన వైద్యుడు జుసెప్పె మోంతెసానో. వారిద్దరికీ 1898 మార్చి 31న మారియో అనే కుమారుడు కలిగినాడు. వివాహం జరుగలేదు. పెండ్లి కాని తల్లి అని తెలిస్తే ఆనాటి ఇటలీలో వైద్యవృత్తి, ఉపన్యాసవేదిక రెండూ ఉండవు. పసివాణ్ణి నగరానికి వెలుపల ఒక పల్లె కుటుంబానికి పెంపకానికిచ్చినారు. 1901లో మోంతెసానో వేరొక స్త్రీని వివాహమాడినాడు. ఆమె ఆ పాఠశాలను విడిచి వెళ్లినది. అప్పుడప్పుడు పల్లెకు వెళ్లి బిడ్డను చూచి వచ్చేది, తానెవరో మాత్రం చెప్పేది కాదు. గల్ఫు దేశం నుండి ఏండ్ల తరువాత వచ్చిన తండ్రి, తనను ఎరుగని బిడ్డ ఎదుట చేతులు చాచి నిలబడడం మన కరీంనగర పల్లెలలో చూచినదే గనుక, ఆ వేదన ఎట్టిదో ఇక్కడి పాఠకులకు వివరించనక్కరలేదు.

1907 జనవరి 6న రోములోని సాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆమె మొదటి శిశుగృహం తెరచినది. తల్లిదండ్రులు కూలికి పోతే పిల్లలు మెట్లపై తిరుగుతూ కొత్త గోడలను పాడు చేస్తున్నారని, వారినొక గదిలో కూర్చోబెట్టే మనిషి కోసం ఇండ్ల యజమానులు వెదకినారు. పేరున్న వైద్యురాలు దీనికి ఒప్పుకోవడం చాలామందికి వింతగా తోచినది. మూడేండ్ల నుండి ఆరేండ్ల వరకు ఉన్న సుమారు 50 మంది పిల్లలు, ఏడ్చే ముఖాలతో వచ్చినారు. అప్పటికి మారియో తొమ్మిదవ ఏట ఉన్నాడు. తన బిడ్డ పసితనాన్ని చూడలేకపోయిన కన్నులే ఇతరుల పసిబిడ్డలను అంత ఓపికతో చూచినవా? ఇది నా ఊహ మాత్రమే. ఆమె ఎక్కడా చెప్పలేదు.

ఆ గృహంలో ఒకనాడు మూడేండ్ల పిల్ల ఒకతె కొయ్య దిమ్మెలోని గుంతలలో వేరు వేరు కొలతల గుండ్రని కొయ్యలను అమర్చుతూ కనిపించినది. అన్నిటినీ అమర్చినది. తీసివేసినది. మళ్లీ అమర్చినది. చుట్టూ పిల్లలచేత పాటలు పాడించినా తల ఎత్తలేదు. పిల్లను కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినా, ఒడిలో దిమ్మెను గట్టిగా పట్టుకొని పని సాగించినది. నలభైకి మించిన సార్లు చేసిన తరువాత, నిద్ర లేచినట్లు చుట్టూ చూచి నవ్వినది. ధనవంతులు పంపిన ఖరీదైన బొమ్మలు ఆ గదిలోనే పడి ఉన్నవి. వాటివైపు ఎవరూ పోలేదు. ఊడ్చే చీపురు, కడిగే గిన్నె, తొడిగే గుండీ, ఇవి ఆ పిల్లలకు ప్రియమైనవి. ముక్కు ఎట్లా చీదుకోవలెనో ఆమె ఒకనాడు మెల్లగా చూపించగా పిల్లలు చప్పట్లు కొట్టినారు. ఎప్పుడూ తిట్టు తినడమే తప్ప, ఎట్లా చేయవలెనో వారికి ఎవ్వరూ చూపలేదు.

మన ఇండ్లకు పనికివచ్చేది ఇచ్చటనే ఉన్నది. ఆమె పేరు మీద అమ్మే కొయ్య సామాను కొనే శక్తి మనలో ఎందరికి ఉన్నది? అది లేకున్నా లోటు లేదని నా అనుభవం. రెండేండ్ల బిడ్డ ముందు ఒక పళ్లెం, అందులో రెండు చిన్న చెంబులు, ఒకదానిలో సగం వరకు జొన్నలు పెట్టి, మాట్లాడకుండా, మెల్లగా, ఒక చెంబులో నుండి మరొక దానిలోకి పోసి చూపవలెను. తరువాత చేయి తీసివేసి కూర్చుండవలెను. గింజలు ఒలికినవి పళ్లెంలోనే ఉంటవి గనుక ఏరుకోవడం కూడా ఆటలో భాగమే. చేయి కుదిరిన తరువాత జొన్నలకు బదులు నీరు, పక్కన ఒక తువ్వాల. ఒలికితే తుడవడం బిడ్డ పనే. మూడేండ్లు రానివారికి శనగలు, చింతగింజలు ఇవ్వరాదు. నోటిలోనో ముక్కులోనో పెట్టుకుంటారు. చాటలో ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు కలిపి పోసి వేరు చేయమంటే చాలును. జొన్నలైనా, నీరైనా, పెద్దవారు పక్కనే ఉండవలెను.

వంటింటి గిన్నెలు ఒకదానిలో ఒకటి ఇమిడేవి అయిదు తీసి కలగలిపి ఇస్తే, తప్పుగా పెట్టిన గిన్నె తనంతట తానే ఇమడదు. తప్పు అని మనం చెప్పవలసిన పని లేదు. మాంటిస్సోరి వస్తువులన్నిటిలోని గుట్టు ఇదే. వస్తువే తప్పు చూపుతుంది, మనిషి చూపడు. దస్తీ మధ్య రంగుదారంతో ఒక గీత కుట్టి, ఆ గీత వెంట మడవమనవచ్చును. తాతగారి పాత అంగీ ఒకటి దిండుకు తొడిగి గుండీలు పెట్టమనవచ్చును. ఒకటే చిక్కు. పిల్లవాడు గుండీ పెట్టుకునేందుకు పది నిమిషాలు పడితే మనకు ఓపిక ఉండదు, మనమే పెట్టి లాక్కుపోతాము. ఈ తప్పు నా మనుమరాలి విషయంలో నేనూ చేసినాను. ఆ పిల్ల నేను పెట్టిన గుండీలన్నీ విప్పి మొదటికి వచ్చినది.

ఆమె తయారు చేయించిన వస్తువులలో గులాబిరంగు గోపురం ప్రసిద్ధమైనది. పది ఘనాలు, పది సెంటీమీటర్ల నుండి ఒక సెంటీమీటరు వరకు ఒక్కొక్కటి తగ్గుతూ వస్తవి. పిల్లలు పెద్దదాన్ని కింద పెట్టి చిన్నదాన్ని పైకి చేర్చుతారు. మన ఆడపిల్లలు పుట్టమన్నుతో అంతస్తులు అంతస్తులుగా చేసే బొడ్డెమ్మను, ఆ తరువాత తాంబాళంలో పెద్ద వలయం నుండి చిన్న వలయానికి పేర్చే బతుకమ్మను చూచినవారికి ఈ గోపురం కొత్త కాదు. పేర్చే వేళ పసిపిల్లను లేవగొట్టకుండా, తంగేడు ఒకవైపు, గునుగు ఒకవైపు, బంతి ఒకవైపు వేరు చేసి ఇమ్మంటే రంగుల పాఠం అయినట్లే. నిర్మల పట్టణంలో తేలికైన పొనికి కర్రతో చేసే పండ్ల బొమ్మలు కూడా పేర్లు చెప్పి ఏరించడానికి బాగుంటవి. ఐతే రంగు బొమ్మ నోటిలోకి పోకుండా చూడవలెను.

అక్షరాల సంగతి మరీ చిత్రమైనది. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, అట్టపై అంటించి, వాటిపై వేలితో దిద్దుతూ ఆ ధ్వనిని పలకమన్నది ఆమె. కన్ను, చెవి, వేలు మూడూ ఒక్కసారి నేర్చుకుంటవని ఆమె ఆలోచన. నాలుగేండ్ల పిల్లలు ఒకనాడు సుద్దముక్క తీసుకొని తామే వ్రాయడం మొదలుపెట్టినారు. మన వీథిబడులలో ఇసుక పోసి వేలితో ఓనమాలు దిద్దించిన పెద్దలు ఈ మర్మం ఎరిగినవారే. గోదావరి ఒడ్డున బాసరలో సరస్వతి సన్నిధిలో పిల్లలకు అక్షరాభ్యాసం జరిపి ఇంటికి తీసుకువచ్చిన తల్లిదండ్రులు, ఆ మరునాటి నుండి పెన్సిలు పట్టించే తొందర మాని, అట్టమీద బంకతో అక్షరం వ్రాసి, పైన సన్నని ఇసుక చల్లి ఆరబెట్టి ఇస్తే ఖర్చు పైసా లేదు. అది కూడా బిడ్డ అడిగినప్పుడే.

ఆమె కీర్తి త్వరగా ఖండాలు దాటినది. 1909లో వెలువడిన గ్రంథం 1912లో ఇంగ్లీషులోకి వచ్చి, మరుసటి ఏడు ఆమెను అమెరికాకు తీసుకుపోయినది. ఆమెలో లోపాలు లేవని నేననను. తన వస్తువులలో ఇతరులు చిన్న మార్పు చేసినా సహించేది కాదు. 1924 నుండి కొన్నేండ్లు ముస్సోలినీ ప్రాపకాన్ని స్వీకరించినది. పిల్లల స్వేచ్ఛకు, ఆ నియంతకు పొత్తు ఎట్లా కుదురుననుకున్నదో! 1934 నాటికి ఆ పొత్తు తెగి ఇటలీలో ఆమె బడులు మూతబడినవి. స్పెయినులో ఉండగా 1936లో అంతర్యుద్ధం వచ్చి, అక్కడి నుండి హాలండుకు చేరినది.

తల్లి రెనిల్డే 1912లో మరణించిన తరువాతనే మారియో ఆమె వద్దకు వచ్చినాడు. అప్పటికి అతనికి పదిహేనేండ్లు. అప్పటినుండి విడువలేదు. ఐనప్పటికీ లోకానికి అతడు మేనల్లుడు, లేదా పెంపుడు కొడుకు. 1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఇద్దరూ మద్రాసు వచ్చినారు. అడయారులో తాటాకు పాకల నడుమ సుమారు 300 మంది ఉపాధ్యాయులకు ఆమె ఇటాలియన్ భాషలో బోధించగా, మారియో ఇంగ్లీషులో చెప్పినాడు. 1940 జూనులో ఇటలీ యుద్ధంలోకి దిగగానే వారిద్దరూ శత్రుదేశీయులైనారు. మారియోను అహమ్మదునగరు నిర్బంధ శిబిరానికి పంపినారు. ఆమెను అడయారు దాటనీయలేదు. ఒకప్పుడు తానుగా దూరం చేసుకున్న బిడ్డను ఈసారి ప్రభుత్వం దూరం చేసినది. ఆగస్టు 31న ఆమెకు 70 ఏండ్లు నిండినవి. జన్మదిన కానుకగా ప్రభుత్వం విడుదల చేసి పంపినది ఆమె కుమారుణ్ణి.

అనుకున్నది కొన్ని నెలలు, ఉన్నది 1946 వరకు. కొడైకెనాలు కొండలపై, ఇతర నగరాలలో శిక్షణ సాగినది. వేయిమందికి పైగా ఉపాధ్యాయులు తయారైనారు. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకొని అంగడికి, పొలానికి, పెండ్లికి తీసుకుపోవడం చూచి ఆమె సంతోషించినది. తొట్టెలో ఒంటరిగా పడుకున్న పాశ్చాత్య శిశువుకంటే ఈ శిశువు ఎక్కువ లోకం చూస్తున్నదని ఆమె అభిప్రాయం. ఆమె వెళ్లిన తరువాత 1955లో వేగె కోటేశ్వరమ్మ విజయవాడలో ఈ పేరుతో బడి పెట్టినది. మన తెలంగాణ పట్టణాలకు ఈ మాట ఇంకా తరువాత వచ్చినది.

1952 మే 6న హాలండు సముద్రతీరంలోని నోర్ద్‌వైక్ గ్రామంలో ఆమె మరణించినది. మరణశాసనంలో మారియోను తన కుమారుడని వ్రాసినది. అతడు 1982లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో కన్నుమూసే వరకు ఆమె పనినే చేస్తూ వచ్చినాడు.