ఫౌస్తో కొప్పీ - అతని సైకిళ్లు

ఇటలీ దేశమున పాత పందెపు సైకిళ్లను సేకరించువారు అనేకులు గలరు. లేత ఆకాశవర్ణము పూసిన బియాంకి కంపెనీ ఫ్రేము ఏదైనను అమ్మకమునకు వచ్చినచో, ఇది కొప్పీ ఎక్కినదే యని చెప్పువారికి కొదువ లేదు. ఆ మాట నిజమైనచో దాని వెల ఎన్నో రెట్లు పెరుగును. నిజము కానిచో అది ఆ కంపెనీ చేసిన వేలకొలది సైకిళ్లలో ఒకటి. ఆ కొప్పీ ఎవరు? అతని సైకిలును పోల్చుకొనుట ఎట్లు?

ఫౌస్తో కొప్పీ 1919వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఉత్తర ఇటలీలోని పీడ్మాంట్ ప్రాంతమున, కస్తెల్లానియా యను చిన్న కొండపల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు సేద్యము చేసి జీవించువారు. బాలుడు బక్కపలుచని వాడు, బడిమీద మనసు నిలువని వాడు. (ఈ మాట చదివి మన విద్యార్థులు సంతోషింపవలదు.) చిన్నతనముననే చదువు మాని నోవి లిగురె పట్టణమున ఒక మాంసపు దుకాణములో పనికి కుదిరెను. సరకును ఇంటింటికి చేరవేయుటకు సైకిలే సాధనము. ఆ కొండదారుల ఎత్తుపల్లములే అతనికి మొదటి వ్యాయామశాల.

ఓడలలో ఉద్యోగము చేయుచుండిన తండ్రి సోదరుడొకడు బాలుని కోరిక విని, మంచి సైకిలు కొనుక్కొమ్మని సొమ్మిచ్చెను. తండ్రియు కొంత చేర్చెను. కొప్పీ జెనోవా నగరమునకు పోయి, తన శరీరపు కొలతకు ఫ్రేము చేయుమని ఒక పనివానికి ఒప్పగించెను. వారములో ఇత్తునని అతడు మాట ఇచ్చెను. వారము గడచినది, ఫ్రేము లేదు. మరల పోయెను, మరల లేదు. ఇట్లు రెండు నెలలు తిరుగగా, కొలతకు చేసినది గాక, దుకాణములో పడియున్న పాత ఫ్రేమొకటి చేతికిచ్చి పంపివేసెను. పల్లెటూరి పిల్లవాడు ఏమి గ్రహించునని ఆ పనివాని తలంపు కాబోలు. మహావీరుడు కాబోవు బాలుడు నకిలీ బేరమునకు మొదట తానే లోబడెను.

కొలత యనగా ఏమో కొంత చెప్పవలెను. ఆ కాలపు పందెపు ఫ్రేములు పలుచని ఉక్కు గొట్టములతో చేయబడినవి. గొట్టములు కలియు మూలలయందు ఉక్కు తొడుగులు అమర్చి, ఇత్తడి కరగించి అతికెడివారు. రౌతు కాలి పొడవు, చేతి పొడవు చూచి గొట్టములు కోసెడివారు. ఒకని ఫ్రేము మరియొకనికి సరిగా అమరదు. కావున ఒక ఫ్రేము కొప్పీదని ఎవరైనను చెప్పినచో, పొడవు కాళ్లు గల ఆ మనిషి దానిమీద కూర్చుండగలడా యనునది మొదటి ప్రశ్న.

పదునైదేండ్లకే కొప్పీ పందెములలో దిగెను. నోవి లిగురెలో బియాజియో కవన్న యను మర్దనకారుడుండెను. ఆయన అంధుడు. చేతివ్రేళ్లతో తడిమి కండరముల బలము తెలిసికొనగలవాడు. ఆయన శిక్షణయందు బక్కబాలుడు ఉక్కు వలె తయారయ్యెను. 1940లో లెన్యానో కంపెనీ జట్టులో, సుప్రసిద్ధుడగు జీనో బార్తాలికి సహాయకుడుగా ఇటలీ దేశ ప్రదక్షిణ పందెములో పాల్గొనెను. దారిలో బార్తాలికి కుక్క అడ్డము వచ్చి అతడు పడిపోయెను. ఇరువదియేండ్ల సహాయకుడే ఆ పందెమును గెలిచెను. పందెము ముగిసిన మరునాడే, జూన్ 10వ తేదీన, ఇటలీ యుద్ధమున దిగెను.

1942 నవంబరులో మిలాన్ నగరపు విగొరెల్లి పందెపు బాటపై ఒక గంటలో 45 కిలోమీటర్లకు పైగా తొక్కి అతడు ప్రపంచములో కొత్త హద్దు నెలకొల్పెను. పిమ్మట సైనికుడుగా ఆఫ్రికా పోయి, 1943లో ట్యునీషియాలో బ్రిటిషువారికి బందీగా చిక్కెను. స్వదేశమునకు వచ్చినది 1945లో. అప్పుడు బియాంకి జట్టున చేరెను. 1946లో మిలాన్ నుండి సాన్ రేమో వరకు జరిగిన పందెమున రెండవవానికంటె 14 నిమిషములు ముందుగా గమ్యము చేరెను.

1949వ సంవత్సరము అతని జీవితమున శిఖరము. ఇటలీ ప్రదక్షిణమున కూనెయో నుండి పినెరోలో వరకు ఒకనాటి దారి. ఐదు పర్వతపు కనుమలు దాటవలెను. కొప్పీ 192 కిలోమీటర్లు ఒంటరిగా ముందు సాగి, బార్తాలిని 11 నిమిషముల 52 సెకనులు వెనుకవేసెను. ఆ యేడే ఫ్రాన్సు ప్రదక్షిణమునుకూడ గెలిచెను. ఒకే యేట రెండును గెలిచిన మొదటివాడు ఇతడే. 1952లో మరల అట్లే చేసెను. మొత్తముమీద ఇటలీ ప్రదక్షిణమును ఐదుమారులు గెలిచెను.

సేకరించువారు మిక్కిలి కోరునది ఈ 1949 నాటి సైకిలే. మోసమునకు ఎక్కువ తావిచ్చునదియు ఇదియే. రంగును నమ్మి లాభము లేదు. ఎవరైనను నేడే పూయవచ్చును. పైగా బియాంకివారి ఆకాశవర్ణము అన్ని యేండ్లును ఒకే ఛాయలో లేదు. పేరు చీటీలు కొత్తవి దొరకును. లోహమును చూడవలెను. సీటు గొట్టము పైకొనవద్ద పొడిచిన సంఖ్య యుండవలెను. దానిని అరగదీసి మరల కొట్టిన గుర్తులున్నవేమో పరీక్షింపవలెను. వెనుక చక్రపు ఇరుసు కూర్చుండు ఉక్కు ముక్క మరింత సత్యవాది. తుల్లియో కాంపన్యోలో యను వాడు చేసిన మొదటి గేరు పద్ధతులలో ఆ గాడియందు సన్నని పండ్లుండెను. చైను మారినప్పుడు చక్రము ఆ పండ్లమీద ముందునకు వెనుకకు దొర్లెడిది. 1950లో పారిస్-రూబే పందెము కొప్పీ గెలిచినది అట్టి గేరుతోనే. తరువాత 1951 ప్రాంతమున గ్రాన్ స్పోర్ట్ అను కొత్త గేరు అంగడికి వచ్చెను. దానిని తగిలించుటకు ఆ ముక్క క్రింద మరచుట్టు గల చెవి వంటి భాగము ఏర్పడెను. కావున కాంపన్యోలో పేరును ఆ చెవియు గల ముక్క అతికిన ఫ్రేమును తెచ్చి, కొప్పీ 1949లో ఫ్రాన్సు గెలిచినది దీనిమీదనే యని ఎవరైనను చెప్పినచో, అది ఫ్రేమైనను కాదు, లేదా పిదప మార్చబడినదైనను కావలెను. అమ్మువాడు ఎంత పెద్దమనిషియైనను ఉక్కు ముక్క అతని మాట వినదు.

మరియొక చిక్కు గలదు. ఫ్రేముమీద కొప్పీ యని పేరున్నంత మాత్రమున అది కొప్పీ ఎక్కినది కాదు. నోవి లిగురెలోని ఫియొరెల్లి సోదరులు అతని పేరుతో సైకిళ్లు చేసి సామాన్య జనులకు అమ్మిరి. అవి దొంగసరకు కావు. అతని అనుమతితో చేసిన మంచి సైకిళ్లే. కాని వానిని పందెపు సైకిళ్లుగా చూపుట వేరు. నిజముగా అతడెక్కిన సైకిలును చూడగోరువారు కోమో సరస్సు దగ్గరి గిసాల్లో కొండమీద గల మేరీమాత గుడికి పోవుదురు. సైకిలు వీరులు సమర్పించిన సైకిళ్లు అచట గోడలకు వ్రేలాడుచున్నవి. వానిలో కొప్పీదియు గలదు.

1951లో తమ్ముడు సెర్సె ఒక పందెములో టురిన్ వీధిలోని ట్రాము పట్టాలలో చక్రము ఇరుకుకొని పడి, ఆనాడే మరణించెను. కొప్పీ ఆ దుఃఖమునుండి తేరుకొనుటకు చాలకాలము పట్టెను. 1953లో లుగానోలో ప్రపంచ విజేత యయ్యెను. గృహజీవితమున కలిగిన కలతలను ఇచట వివరింప నక్కరలేదు. వయసు మీరినను అతడు పందెములను మానలేదు.

1959 డిసెంబరులో, నేడు బుర్కినా ఫాసో యనబడు ఆఫ్రికా దేశమునకు, ఒక పందెము కొరకును వేట కొరకును మిత్రులతో పోయెను. దోమలు నిండిన గదిలో అతడును ఫ్రెంచి రౌతు రాఫేల్ జెమినియానియు రాత్రి గడపిరి. ఇంటికి చేరిన కొలది దినములకే ఇరువురికిని తీవ్రమైన జ్వరము వచ్చెను. ఫ్రాన్సులో జెమినియాని రక్తమును పరీక్షించి, మలేరియా యని గుర్తించి, ఔషధమిచ్చి బ్రతికించిరి. అతడు 99 యేండ్లు జీవించి 2024లో కన్నుమూసెను. ఇటలీ వైద్యులు మాత్రము కొప్పీ జ్వరమును వేరొకటిగా తలచి చికిత్స చేసిరి. ఫ్రాన్సునుండి హెచ్చరిక వచ్చినను లక్ష్యపెట్టలేదని చెప్పుదురు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20వ తేదీన. అప్పటికి అరువది రెండేండ్లు గడచినవి. మందును కొత్తది కాదు. ఒక రక్తపు చుక్కను అద్దము క్రింద పెట్టి చూచినచో చాలియుండెడిది.

1960 జనవరి 2వ తేదీ ఉదయమున, తొర్తోనా పట్టణపు ఆసుపత్రిలో ఫౌస్తో కొప్పీ మరణించెను. వయసు నలువది. శవమును కస్తెల్లానియాకు కొనిపోయి ఖననము చేసిరి. అతడు పుట్టి నూరేండ్లు నిండిన 2019లో ఆ పల్లెకు కస్తెల్లానియా కొప్పీ యని పేరు మార్చిరి.