ఫుట్‌బాలు గురువు సయ్యద్ అబ్దుల్ రహీము

సాయంకాలమున బడిగంట మ్రోగినంతనే సిద్దిపేట మొదలుకొని ఎల్ల పట్టణములయందును బాలురు మైదానములకు పరుగిడుదురు. ఒకనికి బంతి చిక్కినచో దానిని మఱియొకనికి ఇచ్చుటకు వానికి మనసొప్పదు. పదిమందిని తప్పించుకొని తానొక్కడే గోలు చేయవలెనని వాని కోరిక. బంతిని తోడివానికిమ్మని ఉపాధ్యాయుడు గట్టున నిలిచి ఎంత కేకవేసినను అది వాని చెవికెక్కదు. ఈ చిన్న పాఠమునే జీవితాంతము బోధించి, భారతదేశపు జట్టును ఆసియాఖండమున కెల్ల అగ్రస్థానమున నిలిపిన ఉపాధ్యాయుడొకడు మన తెలంగాణమున నుండెను. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీముగారు. ఆటగాండ్రందఱును ఆయనను రహీం సాబ్ అని గౌరవముతో పిలిచెడివారు.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులైరి. విద్యార్థిదశయందే విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి మంచి ఆటగాడని పేరు గడించిరి. చదువు ముగిసిన పిదప ఉపాధ్యాయవృత్తిని చేపట్టి, కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు విద్యాలయములలో పనిచేసిరి. వ్యాయామవిద్యయందు డిప్లొమాను కూడ పొందిరి. తరగతి గదిలో పాఠమును క్రమముగా చెప్పు అలవాటు ఆయనకు మైదానమునందును విడిచిపోలేదు.

1943వ సంవత్సరమున ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియైరి. ఆటను పెంపొందింపవలెనన్నచో ముందుగా బాలురకు శిక్షణ మీయవలెనని ఆయన నిశ్చయించిరి. అందులకై క్రొత్తరకపు పోటీలను ఏర్పఱచిరి. ఒక పోటీలో బంతిని కాలితో నడిపించుకొనుచు పోరాదు. అందినవెంటనే తోడివానికి అందింపవలెను. వేఱొక పోటీలో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నవలెను. పొట్టివారి కొఱకు ప్రత్యేకముగా ఒక పోటీ నడచెడిది.

ఈ నియమములకు కారణము లేకపోలేదు. మనుష్యుడెంత వేగముగ పరుగెత్తినను బంతియంత వేగముగ పరుగెత్తలేడు. కావున బంతిని పరుగెత్తించు జట్టు అలసట లేకుండ ముందునకు సాగును. ఒక్క కాలితోనే ఆడువానిని ఎదుటివాడు ఒక్క ప్రక్కనే కాచుకొనిన చాలును. రెండుకాళ్లతో ఆడువానిని కాచుకొనుట కష్టము. అట్టి పోటీలయందు ఆరితేఱిన బాలురే పిమ్మట పెద్ద జట్లలో ప్రవేశించిరి.

1950వ సంవత్సరమున రహీముగారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ సంవత్సరముననే ఆ జట్టు ప్రసిద్ధమైన మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరండ్ కప్పును గెలుచుకొనెను. బొంబాయి నగరమున జరుగుచుండిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదుమార్లు తెచ్చుకొనెను. 1956-57, 1957-58 సంవత్సరములలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుమార్లు గెలిచెను. ఫుట్‌బాలనిన కలకత్తాయే యని తలచుచుండిన దేశము హైదరాబాదు వైపు తల త్రిప్పి చూచెను.

1951వ సంవత్సరము మార్చి నెలలో మొట్టమొదటి ఆసియా క్రీడలు ఢిల్లీ నగరమున జరిగినవి. భారత జట్టునకు శిక్షకులు రహీముగారు, నాయకుడు శైలేన్ మన్నా. మన జట్టు ఇండొనేషియాను, ఆఫ్ఘనిస్థానమును ఓడించి, అంత్యపోటీలో ఇరానుపై మేవాలాల్ చేసిన ఒకే ఒక గోలుతో గెలిచి స్వర్ణపతకమును పొందెను. స్వతంత్ర భారతమునకు అది గొప్ప పండుగ.

కాని మఱుసటి సంవత్సరముననే పరాభవము కలిగెను. 1952లో హెల్సింకి నగరమున జరిగిన ఒలింపిక్సునందు మన జట్టు యుగోస్లావియా చేతిలో పదింటికి ఒక గోలుతో ఓడిపోయెను. చలిదేశపు తడినేలమీద మనవారిలో పలువురు బూట్లు లేకుండ వట్టికాళ్లతో ఆడిరి. ఆ పిమ్మట బూట్లు ధరించి ఆడవలెనని నియమమేర్పడెను. రహీముగారు ఓటమికి క్రుంగిపోలేదు. ఐరోపా జట్లు ఆటగాండ్రను ఏ వరుసలో నిలుపుచున్నవో, ముందున్నవాడు వెనుకకు వచ్చి ఎట్లు బంతి నందుకొనుచున్నాడో శ్రద్ధతో పరిశీలించి, ఆ పద్ధతులను మనవారికి నేర్పసాగిరి.

ప్రతిభ ఎక్కడ కనిపించినను దానిని విడువకుండుట రహీముగారి గుణము. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడ యను గ్రామము కలదు. అందొక పేదకుటుంబమున తులసీదాస్ బలరాము పెరిగెను. ఆ బాలుని ఆట చూచి రహీముగారు అతనిని హైదరాబాదు జట్టు సాధనకు రమ్మనిరి. ప్రతిదినము అంతదూరము వచ్చుటకు తనయొద్ద డబ్బు లేదని బలరాము విన్నవించుకొనెను. బాడుగ సైకిలు కొఱకు దినమునకు ఒక రూపాయి చొప్పున తామే ఇచ్చెదమని రహీముగారు చెప్పి, అట్లే ఇచ్చిరి. ఆ రూపాయితో వచ్చి సాధన చేసిన బాలుడే 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకును, 1960లో రోము ఒలింపిక్సునకును వెళ్లెను. దేశపు మేటి ఆటగాండ్రలో నొకడని కీర్తింపబడెను.

మెల్బోర్ను నగరమున మన జట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే నాలుగింటికి రెండు గోలులతో ఓడించెను. అందు మూడు గోలులను నెవిల్ డిసౌజా ఒక్కడే చేసెను. ఒలింపిక్సున ఒకే ఆటలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి యతడే. ఒలింపిక్సు ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు కూడ మనదే. ఆ జట్టులో బలరాముతోపాటు నూర్ మహమ్మదు, అజీజుద్దీను, జుల్ఫికరుద్దీను మొదలగు హైదరాబాదు ఆటగాండ్రుండిరి. సెమీఫైనలున యుగోస్లావియాపై ముందుగా గోలు చేసినను తుదకు ఓడిపోయి, పిదప బల్గేరియా చేతిలోను ఓడి మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. రోము ఒలింపిక్సున బలమైన ఫ్రాన్సు జట్టుతో ఒక్కొక్క గోలు చేసి సమానముగా నిలిచిరి.

1962వ సంవత్సరము ఆగస్టు మాసమున జకార్తా నగరమున ఆసియా క్రీడలు మొదలైనవి. అప్పటికే రహీముగారి దేహమును క్యాన్సరు వ్యాధి పట్టి పీడించుచుండెను. అయినను విశ్రాంతి గైకొనక జట్టు వెంట వెళ్లిరి. మొదటి ఆటయందే దక్షిణ కొరియా మనలను రెండు గోలులతో ఓడించెను. తరువాత థాయిలాండుపై గెలిచితిమి గాని, ఆ ఆటలో వెనుకవరుసకు స్తంభము వంటి జర్నేల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడినవి. అతడు లేకయే జపానుపై గెలిచితిమి.

సెమీఫైనలునకు ముందు రహీముగారు ఎవరును ఊహింపని నిర్ణయము చేసిరి. తలకు కట్టుతో నున్న జర్నేల్ సింగును వెనుకవరుసలో నిలుపక, ముందువరుస మధ్యమున నిలిపిరి. అతడు మునుపు ముందువరుసలో ఆడినవాడని ఆయన ఎఱుగును. గాయపడినవానిపై అంత భారము మోపినందున జట్టు ఓడియుండినచో నింద యంతయు శిక్షకునిపైననే పడియుండెడిది. కాని జర్నేల్ సింగు ఆ ఆటలో గోలు చేసెను. దక్షిణ వియత్నాముపై మూడింటికి రెండు గోలులతో గెలిచితిమి.

అంత్యపోటీ సెప్టెంబరు 4వ తేదీన. ఎదుట నున్నది మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. ఆ క్రీడలకు ఇజ్రాయేలును, తైవానును రానీయకుండుటను భారతీయుడైన క్రీడాధికారి సోంధీగారు ఆక్షేపించుటచే జకార్తా ప్రజలు మనపై ఆగ్రహించియుండిరి. భారత రాయబార కార్యాలయముపై దాడి కూడ జరిగెను. క్రీడాస్థలమున లక్షమంది వఱకు జనము మనకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. ముందునాటి రాత్రి రహీముగారు తమ శిష్యులను స్వర్ణపతకము నొక్కదానినే కానుకగా అడిగిరని ఆ ఆటగాండ్రు పిమ్మట చెప్పుకొనెడివారు.

జ్వరమునుండి తేరుకొనిన తంగరాజును ఆ దినమున గోలు కాచుటకు నిలిపిరి. ఆట మొదలైన ఇరువది నిమిషములలోపలనే ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలును, తలకు కట్టుతోనే జర్నేల్ సింగు మఱియొక గోలును చేసిరి. ఆట ముగియుటకు కొలది నిమిషములకు ముందు కొరియావారు ఒక గోలు చేసిరి. మనవారు చెదరక నిలిచి రెండింటికి ఒక గోలుతో విజయము పొందిరి. నాయకుడు చునీ గోస్వామి. గురువు కోరిన కానుకను శిష్యులు చెల్లించిరి.

అదియే రహీముగారు జట్టుతో చేసిన కడపటి ప్రయాణము. స్వదేశమునకు తిరిగివచ్చిన పిదప వ్యాధి ముదిరెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన, యేబదిమూడేండ్ల వయస్సున ఆయన దివంగతులైరి. ఆయన కుమారుడు షాహిద్ హకీముగారు రోము ఒలింపిక్సు జట్టులో సభ్యులు. పిదప అంతర్జాతీయ రెఫరీగా పేరుపొంది, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము నందుకొని, 2021లో మరణించిరి. రహీముగారి జీవితము 2024లో మైదాన్ అను పేర హిందీ చలనచిత్రముగా వెలువడెను.

జకార్తా విజయము తరువాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మరల మన దేశమునకు రాలేదు. రోము తరువాత ఒలింపిక్సు ఫుట్‌బాలునకు మన జట్టు అర్హత పొందనే లేదు. రహీముగారు విడిచిపోయిన చోటు ఎంతటిదో దీనివలన తెలియుచున్నది. బాలుని చేతిలో పెట్టిన రూపాయి, బంతిని తోడివానికిమ్మని చెప్పిన పాఠము, ఇవియే ఆయన మనకు మిగిల్చిపోయిన సొత్తు. రేపు మైదానమున మీకు బంతి చిక్కినప్పుడు ఒక్కసారి తలయెత్తి ప్రక్కనున్న తోడివానిని చూడుడు.