దారిలో ఆగిన పరుగు

ఈ నెల మేము మీ యెదుట ఉంచు జీవితము కెనడా దేశస్థుడైన టెర్రీ ఫాక్స్ అను యౌవనస్థునిది. అతడు అధికారి కాడు, ధనవంతుడు కాడు. 23 ఏండ్లు నిండకమునుపే కన్నుమూసెను. తాను పెట్టుకొన్న గమ్యమునకు చేరనులేదు. అయినను అతడు మొదలుపెట్టిన పని నేటికిని జరుగుచున్నది.

టెర్రీ 1958 జూలై 28న విన్నిపెగ్ పట్టణములో జన్మించెను. తండ్రి రైల్వేలో పనిచేయువాడు. నలుగురు బిడ్డలలో ఇతడు రెండవవాడు. ఇతని చిన్నతనములోనే కుటుంబము పడమటి తీరప్రాంతమునకు తరలి, పోర్ట్ కోక్విట్లమ్ అను ఊరిలో స్థిరపడెను. బడిలో బాస్కెట్‌బాల్ ఆడవలెనని ఇతనికి మిక్కిలి ఆశ. పొట్టివాడగుటచేత మొదట వెనుకబడెను గాని, విడువక సాధనచేసి జట్టులో చోటు సంపాదించెను. పట్టినదానిని విడువని గుణము అప్పటినుండియే ఉండెను.

1976 చివర అతని కుడి మోకాలిలో నొప్పి పుట్టెను. ఆటల కాలము ముగియువరకు ఓర్చుకొందమని అతడు ఊరకుండెను. 1977 మార్చిలో నొప్పి భరింపరానిదై ఆసుపత్రికి వెళ్లగా, అది ఎముకకు పుట్టు కేన్సరని తేలెను. అరుదైన వ్యాధి అది. ఎక్కువగా ఎదుగుచున్న పిల్లలకును యౌవనస్థులకును వచ్చును. మోకాలికి పైవరకు కాలు తీసివేసిరి. అప్పుడతనికి 18 ఏండ్లు.

పిమ్మట నెలల తరబడి బలమైన మందులు ఎక్కించిరి. ఆ వార్డులో తనకంటె చిన్నవారు, పసిపిల్లలు సహా, బాధపడుటయు, కొందరు చనిపోవుటయు అతడు కన్నులార చూచెను. అతడు బ్రతుకుటకు నూటికి 50 పాళ్లు అవకాశమున్నదని వైద్యులు చెప్పిరి. రెండేండ్ల క్రితమైతే అది 15 పాళ్లే. ఆ తేడా పరిశోధనవలన వచ్చినదని అతడు గ్రహించెను. తాను బయటపడి, వెనుక మిగిలినవారిని మరచిపోవుట అతనికి సాధ్యము కాలేదు. వారు రక్తసంబంధులు కారు; అయినను వారి బాధ తనదియే అని యెంచెను.

కాలు తీయుటకు ముందురాత్రి, ఒక కాలు లేని మనుష్యుడు న్యూయార్కు మారథాను పరుగెత్తిన సంగతి గల పత్రికను అతని శిక్షకుడొకరు తెచ్చి ఇచ్చియుండెను. ఆ తలంపు టెర్రీలో నాటుకొనెను. దేశము ఈ చివరనుండి ఆ చివరకు పరుగెత్తి, కేన్సరు పరిశోధనకు ద్రవ్యము కూర్చవలెనని నిశ్చయించుకొనెను. ఏడాదికి పైగా సాధన చేసెను. 1979లో ఒక పందెములో అందరికంటె చివర వచ్చెను. ఆ తరువాతనే ఇంటివారికి తన ఉద్దేశమంతయు తెలిపెను. తల్లి మొదట వద్దనెను. ఏ తల్లి ఒప్పుకొనును? తుదకు ఆమెయు అండగా నిలిచెను.

1980 ఏప్రిల్ 12న తూర్పు తీరమందలి సెయింట్ జాన్స్ పట్టణములో తన కృత్రిమపు కాలిని సముద్రములో ముంచి, రెండు సీసాలలో ఆ నీరు నింపుకొని బయలుదేరెను. ఒకటి పడమటి సముద్రములో పోయవలెనని అతని కోరిక. స్నేహితుడొకడు బండి నడుపుచు వెంట వచ్చెను. దినమునకు సుమారు 42 కిలోమీటర్లు, అనగా ప్రతిదినము ఒక మారథాను. ఆనాటి కృత్రిమపు కాలు నడచుటకు చేసినదే గాని పరుగునకు కాదు. మిగిలిన తొడభాగము బొబ్బలెక్కి రక్తము కారెడిది. మొదటి దినములలో గాలి, వాన, మంచు. కొన్నిచోట్ల జనులు పట్టించుకొననే లేదు. అయితే పోర్ట్ ఓ బాస్క్ అను చిన్న ఊరిలో 10,000 మంది జనులుండగా, తలకు ఒక డాలరు చొప్పున 10,000 డాలర్లు కూర్చి ఇచ్చిరి. దేశములో ఒక్కొక్కరు ఒక్క డాలరు ఇచ్చిన చాలునని అతడు కోరసాగెను. తన పేరుతో వ్యాపారము చేసికొనవచ్చినవారిని అంగీకరింపలేదు.

సెప్టెంబరు 1న థండర్ బే పట్టణమునకు సమీపమున దగ్గుతోను రొమ్ములో నొప్పితోను అతడు ఆగవలసివచ్చెను. కేన్సరు ఊపిరితిత్తులకు పాకియుండెను. 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తెను. పడమటి సముద్రమును చేరలేదు. ఆ సీసాలోని నీరు అందులో కలియలేదు. అయితే అతడు పడకనుండగా ప్రజలు కదలిరి. 1981 ఫిబ్రవరి నాటికి కూడిన సొమ్ము 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటెను. తలకొక్క డాలరన్నది నెరవేరెను. ఆ యేడు జూన్ 28న అతడు మరణించెను. సెప్టెంబరులో అతని పేరిట జరిగిన మొదటి పరుగులో 3 లక్షలమంది పాల్గొనిరి. నేటికిని అనేక దేశములలో అది జరుగుచున్నది. ఇంతవరకు 80 కోట్ల డాలర్లకు పైగా కూడినది. అందులో గెలుపు లేదు, బహుమానము లేదు, నడచువారును రావచ్చును. ఆ వ్యాధి గలవారిలో అనేకులకు ఇప్పుడు కాలంతయు తీయక, చెడిన ఎముకను మాత్రమే తీసి, లోహపు ఎముక అమర్చుచున్నారు.

ఈ జీవితమునుండి మనము రెండు సంగతులు నేర్చుకొందము. మొదటిది, పిల్లలు మోకాలి దగ్గర నొప్పియనియు వాపనియు చెప్పి, అది వారముల తరబడి తగ్గనియెడల, ఎదుగుదల నొప్పియని త్రోసివేయకుడి. నూనె పెట్టి తోమించి ఊరకుండకుడి. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుడి. కేన్సరు అను మాట వినగానే పెండ్లి సంబంధములు పోవునని కొందరు దాచుట మేమెరుగుదుము. టెర్రీ తన కృత్రిమపు కాలిని దాచక, పొట్టి లాగు తొడిగి అందరియెదుట పరుగెత్తెను.

రెండవది, పొరుగింట జబ్బుమనిషి ఉన్నప్పుడు, మోతుబరి ఎవరైన ఇచ్చునని మనము ఎదురుచూతుము. మనయొద్దనున్నది కొంచెమని సిగ్గుపడుదుము. బీద విధవరాలి రెండు కాసులను ప్రభువు చూచిన సంగతి మీరెరుగుదురు. పోర్ట్ ఓ బాస్క్ జనులు ఇచ్చినదియు తలకొక్క డాలరే. ఈ నెల మీ వీధిలో మంచముపట్టినవారెవరో అడిగి తెలిసికొనుడి. ఆసుపత్రి ఖర్చునకు ఇంటికింత అని కూర్చుడి. దారి ఖర్చునకైన సరిపోవును. తోడు వెళ్లువారు ఒకరున్న మరి మంచిది.